దేవదూత ఆగిన చోటు

శైలజ టీచరు కూతురు తనూజ పారశీక సూఫీ కవిత్వం మీద పరిశోధన చేసేది. జబ్బుచేసి ఆసుపత్రి మంచం పట్టాక కూడా అమ్మకు ఆ కథలే చెప్పేది. ఆ కవుల కథల్లో ఒక మనిషి ఆకాశం మీద ఆకాశం ఎక్కి దేవుడి దగ్గరికి వెళ్తాడు. దారి చూపే దేవదూత మాత్రం చివరి హద్దు దగ్గర ఆగిపోతాడు. ఇంకొక్క అడుగు వేస్తే తన రెక్కలు కాలిపోతాయంటాడు.

"పిరికివాడు. నేనైతే ఆగను," అంది శైలజ. తనూజ నీరసంగా నవ్వింది.

వారం తిరక్కుండానే వాళ్ళుండే బారిడీహ్ కాలనీ క్వార్టర్ల నుంచి తనూజ పాడె లేచింది. వీధి చివర పిన్ని పోలమ్మ వచ్చి శైలజ చేయి పట్టుకుంది.

"ఎక్కడికే? ఆడోళ్ళు ఇక్కడితో ఆగిపోవాల."

"నేనూ వత్తాను పిన్నీ."

"పిచ్చా ఏటి నీకు? జనం ఏటనుకుంతారు?"

"జానే దో పిన్నీ, అక్కని రానీ," అన్నాడు తమ్ముడు జయప్రకాష్.

శైలజ సువర్ణరేఖ నది ఒడ్డున శ్మశానం దాకా పాడె వెనకే నడిచింది. తమ్ముడు చితికి నిప్పు పెడుతుంటే కూతురి పాదాల దగ్గరే నిలబడింది. కాసేపు పొగ వచ్చింది. ఆ తర్వాత నెయ్యి పోసిన కట్టెలు ఒక్కసారిగా అంటుకున్నాయి. సెగ ముఖాన కొట్టింది. వెనక్కి రమ్మని ఎవరూ అనలేదు. ఆమె కాళ్ళే వెనక్కి జరిగాయి. చెయ్యి, గాలికి ఎగురుతున్న కొంగును మంటకు అందకుండా ఒంటికేసి లాక్కుంది.

కొంగు పట్టుకున్న ఆ చేతిని చూసుకుని, శైలజ ఇసుకలో కూలబడింది.