స్పార్టా తల్లి

గంగారం హాస్టల్ బడిలో రాణి టీచర్ గ్రీకు చరిత్ర పాఠం కోసం ఆరో తరగతిని ఏథెన్స్, స్పార్టా జట్లుగా విడగొట్టింది. గెలిచిన జట్టు ముందుగా ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. ఝాన్సీ తల్లి మిరపకాయలు ఏరడానికి పోయి నెల దాటింది. పొద్దుగూకితే ఆమె సిగ్నల్ అందని గుడిసెకు పోతుంది, ఫోన్ కలవదు.

"ఏడేండ్ల కొడుకును సిపాయిల బసకు పంపేటప్పుడు స్పార్టా తల్లి ఏడవదు. చేసి చూపించండి," అన్నది టీచర్.

స్పార్టా జట్టులో తల్లి వేషం ఝాన్సీది, కొడుకు వేషం రజితది. రజిత సంచి భుజాన వేసుకుని "పోయొస్తనే అమ్మా" అన్నది. ఝాన్సీ చేతులు ఆమె మెడను చుట్టుకున్నాయి. తన తండా ఆడవాళ్లు బిడ్డలను సాగనంపేటప్పుడు తీసే ఏడుపు రాగం గొంతులోంచి వచ్చేసింది.

"ఓడగొట్టినవ్ గదనే," అన్నది రజిత మెల్లగా.

"ఇంకో తీరు పంపుడు నాకు తెల్వదు. మా అమ్మ నన్ను గేటుకాడ గిట్లనే ఇడిసిపెట్టింది."

ఎండ గోడ పైకి జరిగి పొద్దు వాలుతుండగా ఝాన్సీ ఫోన్ వరుసలో చివరన నిలబడింది.