నిన్న ఏం తిన్నారు?

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఇంటికో చట్టం ఉంటుంది. ఈ ఇంట్లో ఉన్నది ఒకటే. ఆఫీసు సంగతులు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి భోజనాల దగ్గర ఎవరి ఉద్యోగం గొప్పదన్న మాట వచ్చింది. అది చిలికి చిలికి గాలివానై, మూడు రోజులు ఇద్దరూ మూతులు ముడుచుకుని తిరిగారు. నాలుగో రోజు రాజీపడి ఈ చట్టం చేసుకున్నారు. ఇరవై ఆరేళ్లుగా దాన్ని ఎవరూ మీరలేదు. ఇరుగుపొరుగువారు వీళ్ల సంసారాన్ని చూసి ముచ్చటపడేవారు. ముచ్చటైన సంసారమే, కాదనను. కానీ ఆ మౌనం వల్ల దేశానికి ఎంత నష్టం జరిగిందో చూడండి.

ఆయన వ్యవసాయ శాఖలో ప్రణాళిక అధికారి. రైతుల దగ్గర ప్రభుత్వం ఏ పంట కొనాలో, దేనికి విత్తనం ఇవ్వాలో ఆ జాబితా రాసేది ఆయనే. ఎవరు పలకరించినా ఈ ఏడు ఇన్ని లక్షల బస్తాల ధాన్యం అని చెప్పనిదే వదలడు గనుక ఆఫీసులో అందరూ చాటుగా ‘బస్తాలాయన’ అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, లోలోపల సంతోషమే. చిన్నతనంలో కరువు చూసిన మనిషి. గాదెలు నిండితే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే ఏపుగా పెరుగుతారని ఆయన నమ్మకం. ఆవిడ ఊరి చివర ఆరోగ్య కేంద్రంలో నర్సు.

రాబోయే ఐదేళ్ల ఆహార విధానం ముసాయిదా ఆయన చేతి మీదుగానే తయారైంది. సోమవారం కమిటీ సంతకాలు పెడితే, పై నెల విత్తనాలు వేసేనాటికి ఊరూరా అమలవుతుంది. సరిగ్గా ఆ ముందు గురువారం ఆఫీసు మెట్లు దిగుతూ మడమ బెణికించుకున్నాడు. డ్రైవరు తీసుకెళ్లి భార్య పనిచేసే చోటే దింపాడు. ఆవిడ కట్టు కట్టి, తన పని అయ్యేదాకా బల్ల మీద కదలకుండా కూర్చోమంది. ఆయన ఆ గది చూడటం అదే మొదటిసారి.

ఆవిడ ఒక్కో పిల్లను తూకం మీద నిలబెట్టి, బొటనవేలితో కంటి కింది రెప్ప లాగి చూసేది. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా ఉంటే రక్తం తక్కువని పుస్తకంలో గుర్తు పెట్టేది. ప్రతి తల్లినీ ఒకే ప్రశ్న అడిగేది: నిన్న ఏం తిన్నారమ్మా? పొద్దున గంజి, మధ్యాహ్నం రొట్టె, రాత్రి మిగిలిన రొట్టె. ఏడుగురు తల్లులదీ ఒకటే పాట. బస్తాలాయన మొదట మురిసిపోయాడు. తన ధాన్యం చేరని ఇల్లు లేదు మరి!

ఎనిమిదో తల్లి ఒళ్లో మూడేళ్ల పాప ఉంది. దిగమన్నా దిగలేదు. దీనికి పప్పు గింజలేమైనా పెడుతున్నావా అని ఆవిడ అడిగింది.

“చాళ్ల మధ్య చిక్కుడు వేసేవాళ్లం సిస్టరమ్మా. ఉడికిస్తే గుప్పిళ్లతో తినేది. రెండేళ్ల కింద సర్కారు కాగితం వచ్చింది. పొలమంతా ధాన్యమే వేస్తే గానీ విత్తనం ఇవ్వరంట. మా ఆయన తీగలన్నీ పీకేశాడు. ఇప్పుడు ఇంటినిండా ధాన్యమే. దీనికే లేచి తిరిగే ఓపిక లేదు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆయనకి. ఆ కాగితం రాసింది తనే, కొత్త ముసాయిదాలోనూ అదే షరతు పెట్టాడు. ఎకరానికి మరో రెండు బస్తాలు పెరుగుతాయని ఎంత సంబరంగా రాశాడో గుర్తొచ్చింది. ఆవిడ లాగి చూస్తున్న పాప కంటిరెప్ప లోపల తెల్లగా ఉండటం బల్ల మీదినుంచే కనిపించింది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఆ తర్వాత ఎంతమంది తల్లులు వచ్చారో కూడా ఆయనకు తెలియదు.

ఇంటికెళ్లగానే చట్టం ఆయనే మీరాడు. ఇలాంటి పిల్లలు ఎందరున్నారని అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, అలమారలోంచి పదకొండు పుస్తకాలు తెచ్చి ముందు పడేసింది. ప్రతి నెలా నకలు ఆరోగ్య శాఖకు పంపుతూనే ఉందట. ఆ శాఖ ఉన్నది ఆయన ఆఫీసు కిటికీకి ఎదురుగా ఉన్న భవనంలోనే.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“ఏవండీ, చట్టం చేసింది ఎవరు?”

నువ్వంటే నువ్వని కాసేపు వాదులాడుకుని, ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. నవ్వు ఆగాక ఆయన దిగులుగా, ఇన్నేళ్ల పనినీ నా చేత్తోనే కొట్టేసుకోవాలా అన్నాడు. ఆవిడ ఆయన పక్కన కూర్చుంది.

“కొట్టేయమని ఎవరన్నారు? బస్తాలు లెక్కపెట్టండి, వద్దనను. పక్కనే పళ్లెంలోకి కూడా ఒకసారి తొంగిచూడండి.”

సోమవారం ఆయన కుంటుకుంటూ కమిటీ ముందుకెళ్లాడు, పక్కన ఆవిడ. ముసాయిదాలో తప్పుంది, తప్పు నాదే అన్నాడు. సభ్యులు మొహమొహాలు చూసుకున్నారు. దిగుబడి ఏటేటా పెరుగుతుంటే తప్పెక్కడిదని ఒకాయన గద్దించాడు. ఆవిడ లేచింది. అందరికీ తలో చీటీ ఇచ్చి, నిన్న ఏం తిన్నారో రాయమంది. గద్దించినాయన మిఠాయి అని రాసి, డాక్టరు గుర్తొచ్చి కొట్టేశాడు. ఆవిడ చీటీలు పైకి చదివింది. గుడ్లు, పాలు, చేపలు, ఆకుకూరలు, పప్పులు, పళ్లు, ఆ కొట్టేసిన మిఠాయితో సహా. తర్వాత ఆయన, ప్రభుత్వం ప్రోత్సహించే పంటల జాబితా చదివాడు. చదవడానికి ఎంతసేపని? ఉన్నది ధాన్యం ఒక్కటే.

అధ్యక్షురాలు జుట్టు నెరిసిన వ్యవసాయ శాస్త్రవేత్త. ముందు నవ్వింది, తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“మనం ఇన్ని రకాలు తిని, దేశానికి ఒకటి రాశాం. తిరగరాయండి.”

అక్కడికక్కడే తిరగరాశారు. చాళ్ల మధ్య చిక్కుడు వేసినా విత్తనం ఇవ్వాలి. పప్పులు, ఆకుకూరలు, గుడ్లు కూడా దగ్గరి రైతుల దగ్గర కొని బడులకు పంపాలి. ఇకమీదట ఎదురు భవనానికి వచ్చే నర్సుల పుస్తకాల నకళ్లు చదవకుండా పంటల జాబితా రాయకూడదు.

చిక్కుడు కోతలు అయి ఆరు నెలలు గడిచాక అధ్యక్షురాలిని వెంటబెట్టుకుని బస్తాలాయన ఆరోగ్య కేంద్రానికి వెళ్లాడు. అప్పుడు తల్లి ఒళ్లోంచి దిగని పాప ఇప్పుడు తూకం మీద నిలబడదే! ఎక్కించగానే దూకుతుంది, పట్టుకోబోతే బల్ల కిందికి దూరుతుంది. పట్టుకోలేక తల్లి ఆయాసపడుతోంది. నర్సమ్మ కోప్పడబోయి నవ్వేసింది. చివరికి ఇద్దరూ కలిసి పట్టుకుని రెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉంది. బస్తాలాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు, కళ్లు తుడుచుకున్నాడు. అధ్యక్షురాలు ఆయన భుజం తట్టి, గదిలో అందరికీ వినబడేలా చెప్పింది:

“పొలంలో ఏం వేయాలో రాసే ముందు పిల్లల ఒంటికి ఏం కావాలో అడగాలి. అలా అడిగిన ప్రభుత్వమే ప్రజలకు అన్నం పెట్టినట్టు లెక్క.”