కర్నల్‌కి నా కొడుకు వేసిన ఓటు

ఆ ఆగస్టు ఓట్లప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే మా లైసాండర్ మూడోసారి కూడా మా రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, శాసనసభలో కూర్చునేవాడు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

మా కెంటకీలో ఓటు దాచుకునేది కాదు. కోర్టులో బల్ల ముందు నిలబడి, ఫలానా ఆయనకని అందరూ వినేలా చెప్పాలి. పోటీ చేసేవాళ్లు పక్కనే కూర్చుని, తమ పేరు చెప్పినవాడికి లేచి తల వంచుతారు. వాళ్ల సొంత ఓటు వంతు వస్తే, పెద్దమనిషన్నవాడు ఎదుటివాడి పేరే చెప్పాలని పాత మర్యాద.

ఎదుటివాడు కర్నల్ మేబ్రీ. ముక్కుమీద కోపం. మా తమ్ముడు ఈనోక్ వెనకటికి ఇలాంటి ఓట్ల గొడవలోనే, ఒక్క మాటకి ఇంకెవరో కాల్చిన పిస్తోలు గుండు తగిలి చచ్చాడు. అందుకే ఓట్లకి ఆఖరిదైన మూడోరోజు మధ్యాహ్నం, ఇద్దరూ సమానంగా ఉన్నారని తెలియగానే, మొక్కజొన్న రొట్టె ఇచ్చే వంకతో కోర్టుకు వెళ్లి లైసాండర్ చెయ్యి పట్టుకున్నాను.

"నీ పేరు నువ్వే చెప్పుకుంటే ఆయన అవమానం అనుకుంటాడు నాయనా. మీ మామయ్య శవాన్ని తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. నిన్నూ అలా చూడలేను."

"ఇప్పుడెవరూ ఆ పాత మర్యాదలు పట్టించుకోవడం లేదమ్మా. పల్లెల్లో బడుల బిల్లు సగంలో ఉంది. ఒక్క ఓటు కూడా వదులుకోలేను."

మాట ఇచ్చేదాకా చెయ్యి వదల్లేదు. వాడు వెళ్లి కర్నల్ పేరు చెప్పాడు. జనం నవ్వారు. పీపాలు చేసే ఏసా అయితే, "నీకే నీమీద నమ్మకం లేకపోతే మేమెందుకు వేశామయ్యా?" అన్నాడు. కర్నల్ లేచి, తల వంచి, తన వంతు రాగానే జంకూ గొంకూ లేకుండా తన పేరే చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఇంకొందరు వచ్చి అటూ ఇటూ వేశాక, సాయంత్రానికి ఒక్క ఓటు తేడాతో ఆయనే గెలిచాడు.

పిస్తోలు రాలేదు. ఆయనే వచ్చి మా బల్ల దగ్గర భోంచేసి, మీ అబ్బాయి మర్యాదస్తుడని మెచ్చుకుని వెళ్లాడు. బడుల బిల్లు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. లైసాండర్ మళ్లీ పోటీకి నిలబడలేదు. పొలాల దస్తావేజులు రాస్తున్నాడు. సంతకం రాని కుర్రకారు వచ్చి గీతలు పెట్టిపోతుంటారు.

మొన్న ఒక పిల్ల అలా గీత పెడుతుంటే చూడలేక, నామీద కోపమా అని అడిగేశాను.

"బతికే ఉన్నాను కదమ్మా. నువ్వు అడిగింది అదేగా" అని, ఆ పిల్లకి కాగితంలో ఏముందో మొదటినుంచి చదివి వినిపించసాగాడు.