వేయించిన విత్తనం

“ఇత్తనం పడనీ, చూద్దాంలే.”

మా ఆయన ఓబుళరెడ్డి ఈ మాట మొదటిసారి అన్నది పెళ్ళయిన కొత్తలో. ఎమ్మే ఫిలాసఫీ చదివాను, ఎక్కడైనా పాఠాలు చెప్పుకుంటానంటే అన్నాడు. వాన పడిన ఏడు చేలో పని ఉంటుంది, పడని ఏడు ఇంకా విత్తనమే పడి ఉండదు. ఎటు తిప్పినా నేను ఇంట్లోనే ఉండేలా ఆ వాక్యాన్ని ఎవరో చాలా తెలివిగా కట్టారు. మొన్న రాప్తాడు జూనియర్ కాలేజీ నుంచి నా క్లాస్‌మేట్ సుజాత ఫోన్ చేసింది. “లాజిక్ చెప్పేవాళ్ళు దొరకడం లేదు ఇంద్రాణీ. సోమవారం వచ్చి చేరు. నువ్వు రాకుంటే ఆ సబ్జెక్టే ఎత్తేస్తారంట.” ఆయనకు చెప్పాను. టీవీ మీంచి కళ్ళు తీయకుండా అదే మాటన్నాడు. నాకు కోపం రాలేదు. రావాల్సిన చోట ఈమధ్య ఏదీ రావడం లేదు. పోయి వేరుశనక్కాయలు ఒలవడానికి కూర్చున్నాను.

మిషన్‌లో కొట్టించిన గింజకు పొర చిట్లుతుంది, సరిగా మొలవదు. అందుకని విత్తనపు కాయలు చేత్తో ఒలవాలి. చెయ్యి అంటే ఆడవాళ్ళ చెయ్యి అని వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళు చిలకరించి, బొటనవేలితో నొక్కితే ‘టప్’మంటుంది. బోర్లు ఎండిపోయి ఈ ఏడు ఒక్క ఎకరాకే విత్తనం పెట్టుకున్నాం. ఆ మూట నేనూ, పనికొచ్చే తిప్పమ్మా వేసవంతా ఒలిచాం. తిప్పమ్మకు కూలి ఉంది. నాకు మా అత్త కాపలా ఉంది. “మ్మేయ్, ఒగ గింజ గూడా నోట్లో ఏసుకోవాకండి. ఇత్తనం తినేది వంశాన్ని తినేదే!” ఎండలు ముదిరేసరికి నా కుడి బొటనవేలికి స్పర్శ పోయింది. సూదితో గుచ్చి చూసుకున్నాను. పక్కింటావిడ వేలిని గుచ్చినట్టుంది.

“ఏమన్నా పూసుకోకూడదామ్మా?” అంది తిప్పమ్మ.

“దేనికి? నొప్పి లేదుగా.”

“నొప్పి లేకుంటేనే గదమ్మా బయం.”

ఆదివారం పొద్దున మా వాకిట్లో వాన కోసం సర్వమత ప్రార్థన పెట్టాడు మా ఆయన. వాన కోసమో, రాబోయే ఎలక్షన్ కోసమో ఆ మూడు మతాల దేవుళ్ళకే తెలియాలి. ఆశ్రమం స్వామి, పాస్టరుగారు, మసీదు హజరత్‌గారు ముగ్గురూ వచ్చారు. మనిషి పుట్టింది దేనికి అన్న విషయం మీద తలా నాలుగు మాటలు చెప్పాలని ఏర్పాటు. స్వాగతోపన్యాసం నేనే రాసిచ్చాను. “మా ఇంట్లో ఆడోళ్ళకు వంట తప్ప ఇవన్నీ యాడ తెలుస్తాయి” అని, నేను రాయని వాక్యం ఒకటి సొంతంగా కలిపి చదివాడు. జనం నవ్వారు. బాగానే చదివాడు.

చదివి గబగబా వంటింట్లోకి వచ్చాడు.

“ప్రసాదానికి బొరుగులు తెప్పించేది మర్సిపోయినా. ఇంట్లో శెనిగ్గింజలు ఉండాయి గదా, వేయించి బెల్లం కలుపు.”

“ఇంట్లో ఉండేవి…”

“నిన్ను లెక్కలు అడిగినానా? ఉండేవి వేయించు. ఆడ స్వాములోరు కూసోనుండారు.”

“అన్నీనా?” అని అడిగాను. అడగడం నా ధర్మం.

“అన్నీ! ఊరంతా వచ్చినారు. ఒగరికి పెట్టి ఒగరికి పెట్టకుంటే మర్యాదేనా మనకు?”

అత్త మొదటి వరసలో భక్తిగా కూర్చుని ఉంది. కాపలా లేదు. ఇంట్లో గింజలున్నది మెట్ల కింది మూట ఒక్కటే. దాన్ని తిప్పమ్మా నేనూ ఈడ్చుకొచ్చాం. వాన పడ్డాకే పురుగుమందు కలుపుతారు కాబట్టి గింజలు శుభ్రంగానే ఉన్నాయి.

“అమ్మా, ఇది ఇత్తనమమ్మా! రెడ్డి సంపుతాడు.”

“రెడ్డే చెప్పినాడు. నువ్వూ వింటివి కదా.”

తిప్పమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత ఇంకో రెండు కట్టెలు పొయ్యిలోకి తోసి, నవ్వు కనపడకుండా వంగి ఊదింది.

బాణలిలో విడతలు విడతలుగా గింజలు వేగుతుంటే మైకులో మాటలు కిటికీ గుండా వస్తున్నాయి. “వేయించిన విత్తనం మళ్ళీ మొలవదు. జ్ఞానమనే నిప్పులో కర్మలు అట్లా వేగిపోవాలి. మళ్ళీ పుట్టే పని లేకపోవడమే ఈ పుట్టుకకు ప్రయోజనం” అన్నారు స్వామి. నా గరిట ఒక్క క్షణం ఆగింది. “గింజ మట్టిలో పడి చావాల. అప్పుడే నూరు గింజలవుతాది. తనను తాను ఇచ్చుకునేదే బతుకు” అన్నారు పాస్టరుగారు. “ఈ దునియా ఒక చేను. ఈడ ఏం విత్తుతామో ఆఖిరత్‌లో, ఆ పరలోకంలో, అదే కోసుకుంటాం. అల్లా బందగీలో, ఆయన సేవలో విత్తడానికే మనిషి వచ్చినాడు” అన్నారు హజరత్‌గారు. ఒకరికి విత్తనం మొలవకూడదు, ఒకరికి చచ్చి మొలవాలి, ఒకరికి మొలిచినదానికి జవాబు చెప్పాలి. ఎమ్మేలో ఈ తేడాల మీదే పెద్ద జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ముగ్గురి మీదా నాకు ఫిర్యాదు లేదు, మంచి మాటలే చెప్పారు. కాకపోతే ముగ్గురి చేతికీ విత్తనం ఒలిచి సిద్ధంగానే వచ్చింది. ఎవరు ఒలిచారని ఒక్కరూ అడగలేదు. 

వేగాయో లేదోనని బాణలిలోని గింజను బొటనవేలితో నొక్కి చూశాను. తిప్పమ్మ నా చెయ్యి పట్టి లాగేదాకా వేడి తెలియలేదు.

ఊరంతా తిన్నారు. మా ఆయన మైకు దగ్గరే గుప్పెడు నోట్లో వేసుకుని, “మా చేని కాయ రుచే వేరప్పా” అన్నాడు. అత్తకు పళ్ళు లేవు కాబట్టి దంచి ఇచ్చాను. రెండోసారి అడిగి పెట్టించుకుంది. వంశం బాగానే రుచించినట్టుంది.

ఏ ప్రార్థన పని చేసిందో తెలియదు, సాయంత్రం మబ్బు పట్టి వాన దంచి కొట్టింది. మా ఆయన వాకిట్లో తడుస్తూ అరిచాడు. “పదును వచ్చినాది! ఇత్తనం మూట తీయ్, మందు కలపాల!”

“వేయించాను కదా.”

“ఏందీ?”

“అన్నీ అన్నారు మీరు.”

అత్త చేతిలోని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ముఖం ఎర్రబడింది. “ఎమ్మే చదివినావే! ఇత్తనమని చెప్పకూడదా?”

“చెప్పబోయినాను. లెక్కలు అడగలేదన్నారు.”

ఆయన తల మీది నీళ్ళు దులుపుకున్నాడు. తర్వాత ఆయన గొంతు మామూలైపోయింది. దారి దొరికింది కదా. “సరే. రేపు తాడిపత్రి పోయి కాయలు తెస్తా. పొద్దున్నించీ కూసోని వలుచు. ఇత్తనం పడనీ, తర్వాత నీ కాలేజీ సంగతి…”

“రేపు సోమవారం. ఎనిమిది గంటల బస్సుకు నేను రాప్తాడు పోతాండా. కాయలు తెస్తే నీళ్ళు చిలకరించుకుని బొటనవేలితో నొక్కండి, చాలు. అత్తమ్మ కాపలా ఉంటుంది.”

ఆయన ఏదో అంటున్నాడు. నేను వాకిట్లోకి దిగి, మిద్దె గొట్టం నుంచి పడుతున్న నీళ్ళ కింద కుడి చెయ్యి పెట్టాను.

బొటనవేలు మండింది.