తొండం ముక్క బరువు

పొద్దున్నే బల్లి చేసే మొదటి పని, బకెట్‌లో సబ్బునీళ్లు కలిపి, పిల్లలు పట్టుకుని ఎక్కే ప్లాస్టిక్ పట్టులన్నిటినీ పళ్లు తోమినట్టు తోమడం. పాత గోడౌన్‌లో పిల్లలకి గోడెక్కడం నేర్పేది ఆవిడ. బల్లి అన్నది ఊరు పెట్టిన పేరు. ఆవిడ కప్పు దాకా పాకుతుంటే చూసి అసలు బల్లులు చిన్నబుచ్చుకుని పక్కింటికి మారిపోయాయి. మనిషి అంత తేలిక. ఇంట్లో ఫ్యాన్ వేస్తే ఎగిరిపోకుండా మొగుడు కొంగు పట్టుకుని కూర్చునేవాడు.

పిల్లలకి రోజూ చెప్పే పాఠం ఒకటే. "వాన పడ్డాక ఇసుకరాయి జోలికి వెళ్లకూడదు. టీలో ముంచిన బిస్కెట్టు అది. చెయ్యేస్తే ఊడొస్తుంది."

ఊరి బయట తొండం అని పిలిచేదీ ఆ ఇసుకరాయే. కొండ మీంచి వంగి నేలకి ముక్కు ఆనించిన రాతి కమాను. మబ్బులు కూడా తల తగలకుండా వంగి దాని కిందనుంచి పోయేవి. దాన్ని ఎక్కడం నిషేధం. బల్లి అడిగినప్పుడల్లా తొండం బాగోగులు చూసే ఆఫీసువాళ్లు కుదరదన్నారు. తొండానికి కాపలా ఉండేది ఆవిడ పెద్దాడపడుచే.

"నేనెక్కితే దానికి దోమ వాలినట్టు కూడా ఉండదు వదినా," అని గునిసేది బల్లి.

"దోమలన్నీ అలాగే అంటాయే," అనేది వదిన.

వానాకాలంలో వదినకి జ్వరమొచ్చింది. నుదుటి మీద తడిగుడ్డ వేస్తే ఇస్త్రీ చేసినట్టు అయ్యేది. సెలవు పెట్టడం మాత్రం ఆవిడ ఒంట్లో లేదు. గేటు తాళాలు మరదలి చేతిలో పెట్టింది. "ఒక్క పూట కూర్చోవే. నిన్ను తప్ప ఎవర్ని నమ్మను?"

బల్లి గేటు తీసి లోపలికెళ్లి మళ్లీ తాళం వేసుకుంది. వాన అప్పుడే వెలిసింది. చుట్టూ పురుగైనా లేదు. రోజూ పాఠం చెప్పే నోరు మూసుకుంది, చేతులు ముందుకెళ్లాయి. వంపు దగ్గర అరచేతంత ముక్క ఊడి చేతిలోకొచ్చింది. ఎలాగో దిగి, దాన్ని జేబులో వేసుకుంది. ఊడిన చోటు చెక్కు లేచిన పుండులా తెల్లగా, రోడ్డు మీదికి కనిపిస్తోంది.

తొండం ముక్క ఇంట్లో ఉంటే పూటపూటకీ బరువెక్కుతుంది. మంట మీద పాలు పొంగినంత మామూలు సంగతి అది. బల్లికీ తెలుసు. అయినా పరుపు కింద దాచింది. తెల్లారేసరికి మంచం కోళ్లు విరిగాయి.

వడ్రంగి తాత వచ్చి పరుపెత్తి చూడనైనా చూడలేదు. "తొండం ముక్కా అమ్మా? ఇనప కోళ్లు వేయించుకోండి. చెక్క ఆగదు," అన్నాడు వీధికంతా వినబడేలా.

చెప్పులు తొడుక్కుంటున్న మొగుడు ఆగి, ఆవిడ వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"అక్కని ఆఫీసుకి పిలిపించారు," అన్నాడు చివరికి. "కాపలాలో నేనే ఉన్నాను, ఎవరెక్కారో చూడలేదు అని చెబుతోందట. యూనిఫాం తిరిగిచ్చెయ్యమంటారు కాబోలు. నీ పేరు మాత్రం ఎత్తలేదు."

ఆ మాటకి ముక్క గచ్చు పగలగొట్టుకుని జానెడు లోపలికి దిగింది.

పలుగేసి పెకలించి, తోపుడుబండి మీదికి ఎక్కించారు. బండి వెనక బల్లి. నడివీధిలో జనం దారిచ్చారు, ఒక్కరూ ఏమీ అడగలేదు. ఆవిడ దగ్గర నేర్చుకునే పాప మాత్రం అడిగింది. "తడిగా ఉన్నప్పుడా అక్కా?"

"అవునమ్మా."

ఆఫీసులో వదిన మడతపెట్టిన యూనిఫాం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎక్కింది నేనండీ," అంది బల్లి. "ఆ పూట వదిన జ్వరంతో పడుంది. నమ్మి తాళాలిచ్చింది. తడిరాయని తెలిసే ఎక్కాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఆఫీసరు.

"సిగ్గేసిందండీ."

"రాయి విరగ్గొట్టినందుకా?"

బల్లి తల దించుకుంది. "కాదండీ. నా చేతిలో పట్టు ఊడినందుకు. రాయి సంగతి తర్వాతే గుర్తొచ్చింది."

వదినకి నాలుగు చివాట్లు పెట్టి యూనిఫాం ఉంచుకోమన్నారు. బల్లి తొండం దరిదాపులకి రాకూడదన్నారు. ముక్కని తీసుకెళ్లి రాతి మొదట్లో పెడితే బూరుగుదూదిలా తేలికైపోయింది. దాని బరువంతా బల్లి ఒంట్లోకొచ్చింది. ఆ తర్వాత ఊళ్లో పహిల్వాన్లందరూ కలిసి లాగినా ఆవిడ మడమలు నేల వదల్లేదు. మొగుడు కుర్చీకి కూడా ఇనప కోళ్లు వేయించాడు.

గోడెక్కేవాళ్లకి కింద తాడు పట్టుకునే మనిషి కావాలి కదా. ఇప్పుడు బల్లి పని అదే. పిల్లలు ఎంత ఎత్తునుంచి జారినా తాడు వేలెడు కూడా జారదు.

వదిన ఆ వానాకాలమంతా ఆవిడతో మాట్లాడలేదు. వానలు వెనకపట్టాక ఒక మధ్యాహ్నం యూనిఫాంలోనే గోడౌన్‌కి వచ్చింది. చెప్పులు విడిచి, నడుముకి బెల్టు బిగించుకుని, తాడు కొస కట్టుకుంది. బల్లి వంచిన తల ఎత్తకుండానే ముడి సరిచూసింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను వదినా."

"నేల చూస్తూ పట్టుకుంటే నేనెలా ఎక్కేది? పైకి చూడవే."

తాళాలు తీసుకున్న రోజు తర్వాత బల్లి వదిన మొహం చూడడం అదే మొదలు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. వదిన గోడ మీద కాలేసి, నేల వదిలింది.