ఉప్పుటేటి బల్లకట్టు

కొల్లేటి నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేటి మీద ఆ రోజుల్లో అక్కడ వంతెన లేదు. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన బల్లకట్టే దిక్కు. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన మోకు పట్టుకుని దాన్ని లాగేది కాలేషా, అతని తమ్ముడు యూసుఫ్. మోటారు కారు వచ్చిందంటే యూసుఫ్‌కి పండగే. దిగేదాకా దాని చుట్టూనే తిరిగేవాడు.

పంతొమ్మిది వందల ముప్పై ఆరు శ్రావణంలో ఏరు ఒడ్లొరుసుకుని పారుతోంది. కాలేషా బల్లకట్టు కట్టేసి కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నం ఊరి మోతుబరి అచ్యుతరావుగారి కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో ఆయన కోడలు మాణిక్యం. నిన్నటి నుంచీ నొప్పులు; బిడ్డ అడ్డం తిరిగిందట. తాడేపల్లిగూడెంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

"నీకు దణ్ణం పెడతాను కాలేషా, ఎలాగైనా దాటించవయ్యా," అన్నాడాయన.

"ఈ ఉరవడిలో కారుతో కష్టమండీ, బాబుగారూ."

కారులోంచి మాణిక్యం మూలుగు వినిపించింది. యూసుఫ్ అప్పటికే కట్టు విప్పుతున్నాడు.

"పోదాం భాయీ. ఆ తల్లి అలా మూలుగుతుంటే ఎలా కూర్చుంటాం?"

నడి ఏట్లోకి వచ్చేసరికి పెళ్లిపందిరంత గుర్రపుడెక్క మేట కొట్టుకొచ్చి బల్లకట్టుకు తగులుకుంది. బల్లలు ఒరిగాయి. కారు జారిపోకుండా అచ్యుతరావుగారూ డ్రైవరూ దాన్ని పట్టుకుని వేలాడారు. యూసుఫ్ గెడ తీసుకుని అంచున వంగి మేటను బలంగా నెట్టాడు. అది విడిపోయింది. విడిపోతూ అతన్నీ లాక్కుపోయింది.

"భాయీ!"

కాలేషా మోకు వదిలితే బల్లకట్టు కారుతో సహా ఏటి పాలే. తమ్ముడు మళ్లీ పిలిచాడు. కాలేషా అటు చూడలేదు. ఒడ్డు తగిలేదాకా లాగాడు.

శవం మర్నాడు దిగువన, చేపలు పట్టే వెదురు మావుల దగ్గర దొరికింది. మాణిక్యానికి ఆడపిల్ల పుట్టిందనీ, ఇద్దరూ క్షేమమనీ ఆ సాయంత్రమే కబురొచ్చింది.

నలభయ్యో రోజు ఫాతెహా చదివించడం అయ్యాక యూసుఫ్ భార్య జహీరా బావగారిని గుమ్మంలో ఆపింది.

"ఆయన పిలిచారా, భాయ్‌జాన్?"

లేదని చెప్పమని కాలేషా భార్య మరియంబీ రోజూ పోరుతూనే ఉంది. అతనూ అలాగే చెబుదామనుకున్నాడు. తీరా ఆ ముఖం చూశాక అబద్ధానికి నోరు రాలేదు.

"పిలిచాడమ్మా. నేను మోకు వదల్లేదు."

"మీరు చేసింది తప్పని అనను," అంది జహీరా. "కానీ నాతో ఇంకెప్పుడూ మాట్లాడకండి."

రెండిళ్లకూ ఒకటే పెరడు, ఒకటే బావి. మరియంబీ బియ్యమో చేపలో పట్టుకెళ్తే జహీరా తీసుకునేది. అతను బావి దగ్గర ఉంటే మాత్రం ఖాళీ బిందెతో వెనక్కి తిరిగేది. కాలేషా పోయేదాకా అంతే.