అణగని దుమ్ము

పొద్దున్నే పాలచాయ కాచి, మొదటి గ్లాసు రన్‌వే దగ్గర పెట్టి రావడం సిత్తనాకి అలవాటు. పత్తిచేల మధ్య ఉన్న ఆ మట్టి రన్‌వే చివర నిలువెత్తు దుమ్ము నిలబడి ఉంటుంది. ఆమె మొగుడు తాజుస్సిర్ పత్తికి మందు కొట్టే విమానం నడిపేవాడు. దిగేటప్పుడు చక్రం ఊడి, విమానం తిరగబడి పోయాడు. అప్పుడు లేచిన దుమ్మే అది. ఆరేళ్లయినా అణగలేదు. మేకలు దాన్ని చుట్టి పోతాయి. లారీ డ్రైవర్లు సలాం చెప్పి పోతారు.

"నీ మొగుడు మళ్లీ నా ఉతికిన బట్టల మీదికొచ్చాడే!" అని పక్కింటి బతూల్ దెప్పుతుంది.

"బతికున్నప్పుడూ నీ గుమ్మం తొక్కలేదు, ఇప్పుడొస్తాడా? గాలిని తిట్టుకో," అంటుంది సిత్తనా.

దుమ్ము నేలకి దిగితేగానీ మనిషి పోయినట్టు కాదని ఊరి షేక్ ఆనాడే తేల్చేశాడు. అందుకే సిత్తనా విధవల తెల్లబట్ట చుట్టుకోలేదు, ఇంట్లో సంతాపం చాపలు పరవలేదు. గాలి విసురుగా వీచిన రోజున మాత్రం పరిగెత్తుకెళ్లి, "పోకయ్యా" అని బతిమాలుకునేది.

కొడుకు బదవి కూడా తండ్రి ఉద్యోగంలోనే చేరాడు. ఆమె ఎంత మొత్తుకున్నా విన్నాడు కాదు.

ఆ రోజు చాయ గ్లాసు పెట్టి వెనక్కి తిరిగేసరికి మెకానిక్ ఖిదిర్ వైర్‌లెస్ షెడ్డులోంచి రొప్పుతూ వచ్చాడు.

"వదినా, పిల్లాడి విమానానికి ఎడమ చక్రం ఊడిపోయింది."

"ఎలా ఊడిందిరా?"

"నిన్న కాలవ పూడిక తీసి గట్టు మీదే పోశారు కదా. గట్టు పెరిగిన సంగతి మనవాడికి తెలీదు. ఎప్పటిలాగే కిందగా వచ్చి తగిలించేశాడు. పెట్రోలు అయిపోవస్తోంది, దిగక తప్పదు. దిగితే ఆ పక్క రెక్క నేలకి గుచ్చుకుంటుంది."

"వాళ్ల నాన్నకి లాగా," అంది సిత్తనా.

ఖిదిర్ దుమ్ము వైపు చూసి తల దించుకున్నాడు. "పిల్లాణ్ణి పట్టుకోమని నేను చెబితే ఆయన వినడు వదినా. నీ మాటే వింటాడు."

రెక్కని మోస్తే ఆ దుమ్ము దిగిపోతుందనీ, దిగింది మళ్లీ లేవదనీ సిత్తనాకి తెలుసు. మొగుడు కావాలా, కొడుకు కావాలా అని ఏ ఆడదాన్నీ అడగకూడదు. అడిగినవాడు ఖిదిర్ కాదు కాబట్టి అతన్ని తిట్టి కూడా లాభం లేదు.

విమానం చప్పుడు దగ్గరైంది. ఆమె దుమ్ములోకి చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

"ఏమయ్యా, పిల్లాడొస్తున్నాడు. నిన్ను చాలా కాలం నిలబెట్టేశాను. వాణ్ణి కాస్త పట్టుకుని, ఇంక పడుకో."

విమానం కుడి చక్రం మీద దిగింది. వేగం తగ్గేకొద్దీ ఎడమ రెక్క ఒరుగుతూ వచ్చింది. దుమ్ము కదిలి వెళ్లి ఆ రెక్క కిందికి చేరింది. రెక్క నేలకి తగల్లేదు. విమానం అలాగే చివరిదాకా వెళ్లి, ఆగి, మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. ఆ తర్వాత దుమ్మంతా దిగిపోయింది. పత్తి ఆకుల మీదా, ఖిదిర్ భుజాల మీదా, సిత్తనా జుట్టు మీదా పడింది. రన్‌వే చివర ఖాళీగా ఉంది.

సాయంత్రానికి సిత్తనా ఇంట్లో చాపలు పరిచారు. బతూల్ తన పెట్టెలోని తెల్లబట్ట తెచ్చి ఆమెకి చుట్టింది. బదవి వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, సైకిలు నేర్పేటప్పుడు వెనక పట్టుకుంటారే, అలా పట్టుకున్నాడే నాన్న! ఆగాక వదిలేశాడు. ఎందుకొదిలేశాడమ్మా?"

"నేనే వదిలెయ్యమన్నాను నాన్నా," అని సిత్తనా కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, ఆరేళ్లుగా ఏడవని ఏడుపు ఏడ్చింది.